కోడు లేని నీలం

తెలుపంటే ఒకటే తెలుపు అనుకునేవాళ్ళని చూస్తే అబ్దుల్ జబ్బార్‌కి ఒళ్ళు మండుతుంది. నరసరావుపేటలో గుంటూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని ముప్పై రెండేళ్ళుగా కార్లకి రంగులు వేస్తున్న మనిషి ఆయన. పాల తెలుపు వేరు, ముత్యం తెలుపు వేరు, ఆరేళ్ళు ఎండలో నిలబడి పసుపు తిరిగిన తెలుపు వేరు. పిడుగురాళ్ళ సున్నం బట్టీల దారిలో రోజూ తిరిగే కారుదైతే ఎవరి లెక్కలోకీ రాని ఇంకో తెలుపు. వీటన్నిటినీ కళ్ళు మూసుకుని చెప్పగలనంటాడు గానీ, రంగుల వ్యవహారం కాబట్టి కళ్ళు తెరిచే చెబుతాడు.

ఆయన చేతి మీదుగా పోయిన కార్లలో పదింట ఎనిమిది తెల్లవే. మిగిలినవి వెండి రంగువో బూడిద రంగువో. ఎర్ర కారు ఒకటి వస్తే ఆ రోజు షెడ్డులో పండగే. పోనీ అదైనా కొత్త రంగు వేసే పనా అంటే, కాదు. గుద్దుకున్న చోట పాత రంగులో కొత్త రంగు కలిసిపోయేట్టు వెయ్యాలి. తలుపు మార్చారని ఎవరికీ తెలియకూడదు. పని ఎంత బాగా చేస్తే అంతగా కనపడదు. షెడ్డు దాటి రోడ్డెక్కాక ఆ కారు మిగతా తెల్ల కార్లలో ఎక్కడుందో ఆయనకే తెలియదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, దూరం నుంచి వేలు చూపించి ‘అది నేను వేసిన రంగు’ అని చెప్పుకోవాలని జబ్బార్‌కి ఎన్నేళ్ళుగానో కోరిక. యాభై ఆరేళ్ళొచ్చాయి, కోరిక అలాగే ఉంది.

ఆ కోరిక విని నవ్వని మనిషి ఆయన భార్య షంషాద్ ఒక్కతే. ఆమెదీ రంగుల పనే. షెడ్డు వెనకే ఇల్లు. ఇంటి పెరట్లో పొయ్యి మీద రంగు నీళ్ళు మరగబెట్టి, ఎవరు ఏ బట్ట తెచ్చినా దానికి సరిపోయే రంగు దుపట్టాకి పట్టిస్తుంది.

జబ్బార్ దగ్గర ఒక ఆస్తి ఉంది. రంగులు కలిపి అమ్మే షాపువాళ్ళు పాతబడ్డాయని పారేసిన షేడ్ కార్డుల పుస్తకాలు. ఒక్కొక్క దాంట్లో వందల రంగు ముక్కలు, బొటనవేలి గోరంతవి. ఒక్కొక్క ముక్క కింద కారు పేరు, రంగు కోడు, ఆ రంగులో ఆ కారు ఏ దేశంలో అమ్ముతారో ఆ దేశం గుర్తు. జబ్బార్ విజయవాడ దాటి ఎరగడు. కానీ ఏ దేశపు రోడ్డు మీద ఏ రంగు తిరుగుతుందో అడగండి, టీ చల్లారిపోయేదాకా చెబుతాడు.

శివరాత్రి వెళ్ళిన పది రోజులూ ఆ షెడ్డుకి ఊపిరాడదు. కోటప్పకొండ తిరనాళ్ళలో గీతలు పడని కారు ఉండదు కదా. ఈ ఏడు ఆ గీతల కార్ల వెనకే బెల్లంకొండ నుంచి వచ్చి నరసరావుపేటలో కాపురముంటున్న ప్రసన్నలక్ష్మి వచ్చింది. ముప్పై నాలుగేళ్ళ మనిషి. ఒక కాలేజీ ఆఫీసులో చేస్తున్న ఉద్యోగం మానేసి, ఆడవాళ్ళకి కారు నేర్పే స్కూలు పెడుతోంది. దానికోసం సెకండ్ హ్యాండ్‌లో చిన్న కారు కొంది. రంగు వేరే చెప్పాలా, తెలుపు.

“బాబాయ్, తిరనాళ్ళలో నా కారు నాకే దొరకలా,” అంది దిగుతూనే. “గంటసేపు తిరిగా. చివరికి ఇదేలే అని ఒకదాని తలుపు లాగా. లోపల ఎవరో పెద్దాయన నిద్రపోతన్నాడు. దొంగ దొంగ అని ఒకటే అరుపులు!”

జబ్బార్ నవ్వు ఆపుకుని కారు చుట్టూ తిరిగాడు. రెండు తలుపుల మీదా గీతలు, బానెట్ మీద సొట్ట. “మొత్తం వేయించుకో తల్లీ, బాగుంటది. ఏ తెలుపు వెయ్యమంటావ్?”

“మళ్ళా తెలుపేంది బాబాయ్! నా దగ్గర నేర్చుకునే వాళ్ళు బస్సు దిగంగానే అల్లంత దూరాన నా కారు కనపడాల. తెలుపు తప్ప ఏదన్నా వెయ్యి.”

ముప్పై రెండేళ్ళలో ఆ మాట అన్న మనిషి లేదు. ఇక జబ్బార్ మాటలు ఆపడం ఎవరి వల్లా కాలేదు. లోపలికి పరిగెత్తి పుస్తకం తెచ్చి బానెట్ మీద పరిచాడు.

“ఇదిగో చూడు, ఇది నీ కారే. ఇదే మోడల్. మన దేశంలో ఆరు రంగుల్లో ఇచ్చారు. జపానోళ్ళకి పద్నాలుగు!”

“మనకెందుకియ్యలా?”

“మనం అడిగితే గదా! తెల్లదైతే లోపల కాలదంటాం. తిరిగి అమ్మేటప్పుడు ఎవరన్నా కొంటారంటాం. సున్నం దుమ్ము పడ్డా తెలవదంటాం. నల్లదైతే శని అంటాం. అందుకే ఆ కంపెనీలోళ్ళు మనకి తెలుపే పంపిస్తారు. జర్మనీ వైపు చూడు, పేజీలకి పేజీలు బూడిదా నలుపే. ఎడారి దేశాలోళ్ళు మనకి మల్లే తెలుపే. ఈ జపానోళ్ళు చూడు తల్లీ, ఇంత చిన్న చిన్న కార్లకి బిళ్ళ చాకలెట్ల రంగులు! కారు ఒకటే, ఇంజను ఒకటే. ఏ దేశపోళ్ళ మనసు ఎట్టాంటిదో పైన రంగు చెప్పుద్ది.”

ప్రసన్నలక్ష్మి ఆయన మాటలు వింటూనే పేజీలు తిప్పింది. ఒకచోట ఆగి వేలు పెట్టింది. లేత నీలం, లోపల ఎక్కడో సన్నటి ముత్యపు మెరుపు. కింద జపాన్ గుర్తు ఒక్కటే ఉంది.

“ఇది,” అంది.

“వేస్తా,” అన్నాడు జబ్బార్. ఆ ఊపులో ఇంకో మాట కూడా జారింది. “ఈ ముక్క పక్కన పెడితే తేడా తెలవకుండా వేస్తా. కుదరలేదో, నా చేత్తో నేనే మళ్ళా తెలుపు కొట్టి ఇస్తా.”

ఆమె అక్కడే నిలబడి ఫోన్ తీసింది. స్కూల్లో చేరిన ఏడుగురు ఆడవాళ్ళకీ వరసగా చెప్పేసింది. వచ్చే వారం కాక ఆపై వారం, సోమవారం పొద్దున పదింటికి, గుంటూరు రోడ్డులో నీలం కారు కోసం చూడండి. రంగు మార్చుకోవడానికి ఆర్టీఓ ఆఫీసులో కాగితం పెట్టి, అనుమతి వచ్చాక కారు షెడ్డులో వదిలి వెళ్ళింది. అప్పటికి సోమవారం ఇంకా ఆరు రోజులుంది.

ఆ మధ్యాహ్నమే జబ్బార్ పుస్తకం చంకన పెట్టుకుని సుధీర్ బాబు షాపుకి పోయాడు. రంగులు కలిపే మెషీన్ ఉన్న షాపు అది. కోడు చెబితే చాలు, ఏ రంగు ఎన్ని గ్రాములు పొయ్యాలో కంప్యూటరే చూపిస్తుంది. సుధీర్ బాబు కోడు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. తల అడ్డంగా ఊపాడు.

“ఇది మన మార్కెట్ రంగు కాదు భాయ్. మన దేశంలో అమ్మని రంగులు ఈ మెషీన్‌లో ఉండవు. గుంటూరు పోయినా ఇంతే.”

“అయితే నేనే కలుపుతా.”

“చేత్తోనా? తెలుపు గాదు భాయ్ ఇది. నీలాలు రెండు, పైన ముత్యప్పొడి. ఒక్క చుక్క అటూ ఇటూ అయితే దొరకదు. ఊరికే మెటీరియల్ దండగ.”

ఇలాంటి మాట విన్నాక ఎవరైనా వెనక్కి తగ్గుతారేమో గానీ జబ్బార్ ఇంకా రెచ్చిపోయాడు. తెలుపు డబ్బా, రెండు రకాల నీలాలు, చిన్న సీసాడు ముత్యప్పొడి పట్టుకుని కాళ్ళు నేల మీద ఆనకుండా షెడ్డుకి వచ్చాడు. పాత రేకుని పలకలుగా కత్తిరించుకున్నాడు. ప్రతి చుక్కా గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ కలిపాడు, పలక మీద కొట్టాడు, ఆరబెట్టాడు, ముక్క పక్కన పెట్టి చూశాడు.

మొదటి రోజు కుదరలేదు. రెండో రోజూ కుదరలేదు. ఎన్నిసార్లు కలిపినా పాచి పట్టిన కుండీ నీళ్ళ రంగు వస్తోంది. నీలం తగ్గించాడు, అదే పాచి. పెంచాడు, ముదురు పాచి. రంగు డబ్బాలు పాడైనవిచ్చాడని సుధీర్ బాబుకి ఫోన్ చేసి తిట్టాడు. రేకులు మంచివి కావని రేకుల్ని తిట్టాడు. అన్నానికి పిలిచినందుకు షంషాద్‌ని కూడా తిట్టబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

మూడో రోజు ఆమె టీ తెచ్చి పక్కన పెట్టి, వెళ్ళకుండా అక్కడే స్టూలు మీద కూర్చుంది. ఆయన తెలుపు పోశాడు, నీలాలు పోశాడు, ముత్యప్పొడి చల్లాడు, కర్రతో కలిపాడు. ఆమె ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

“అజీ, ఆ పసుపెందుకేశావ్?”

“ఏ పసుపు?”

“ఇప్పుడే గదా ఒక చుక్క ఏసింది!”

“నేనా? నీకేమన్నా పిచ్చా? నీలంలో పసుపేందే!”

“ఇంకోసారి కలుపు, చూద్దాం.”

మళ్ళీ కలిపాడు. అన్నీ పోసి, కలిపి, చివర్లో ఆయన కుడిచెయ్యి దానంతటదే పక్కనున్న పసుపు డబ్బా వైపు పోయింది. షంషాద్ ఆ మణికట్టు పట్టుకుని గాల్లో ఆపేసింది. ఇద్దరూ ఆ చేతి వంకే చూశారు.

సంగతేమిటంటే, ఎండకి పసుపు తిరిగిన పల్నాడు తెల్ల కారుకి కొత్త తలుపు రంగు కలవాలంటే, తెలుపులో ఆఖరున ఒక పసుపు చుక్క పడాలి. ఇక్కడి పెయింటర్లందరికీ అదే అలవాటు. ముప్పై రెండేళ్ళు, వేల కార్లు, వేల చుక్కలు. అడగకుండానే ఆ చెయ్యి ఆ చుక్క వేస్తోంది, నీలమని చూడకుండా, జపాన్‌దని చూడకుండా.

“యా అల్లా! మూడు రోజులు నా చెయ్యే నన్ను మోసం చేసిందే!” అని జబ్బార్ నుదురు కొట్టుకుని నవ్వాడు. నవ్వి, పసుపు డబ్బా తీసుకెళ్ళి షంషాద్ చేతికిచ్చి, ఇంట్లో దాచమన్నాడు.

ఆ సాయంత్రానికల్లా రంగు కుదిరింది. కుదరడమంటే అలా ఇలా కాదు. ముక్కని పలక మీద పెడితే అంచు ఎక్కడో తెలియలేదు. తిట్లు తిన్న సుధీర్ బాబు స్వయంగా వచ్చి, పలకని అటు తిప్పి ఇటు తిప్పి, “భాయ్, నీకు దండం,” అన్నాడు. జబ్బార్ ఆ రోజు నలుగురికి టీ తాగించాడు. మర్నాడు కారు బానెట్ ఊడదీసి, రుద్ది, ప్రైమర్ కొట్టి, ముందుగా దానొక్కదానికే ఆ నీలం వేశాడు. శనివారం పదకొండింటికి వచ్చి చూసుకోమని ప్రసన్నలక్ష్మికి చెప్పాడు.

శనివారం పొద్దున బానెట్‌ని షెడ్డు బయట స్టాండుకి ఆనించి, అది అందరికీ ఎలా కనపడుతుందో చూసుకుందామని రోడ్డు దాటాడు. వెనక్కి తిరిగి చూశాడు. ఎండ దంచి కొడుతోంది. షెడ్డు ముందు నాలుగు తెల్ల కార్లున్నాయి. వాటి పక్కన తెల్లగా ఇంకేదో ఉంది. అదే ఆయన బానెట్.

కన్ను నలుపుకుని మళ్ళీ చూశాడు. దగ్గరికి వస్తే నీలం. పది అడుగులు వెనక్కి పోతే తెలుపు తిరుగుతోంది. ఇంత మెతక రంగు మన ఎండకి తట్టుకోలేకపోతోంది.

సరిగ్గా అప్పుడే ప్రసన్నలక్ష్మి వచ్చింది. చేతిలో ముక్క పెట్టుకుని బానెట్ పక్కన చూసి, “అచ్చం అదే బాబాయ్! ఎట్టా చేశావ్?” అని చిన్నపిల్లలా గంతేసింది.

ఇచ్చిన మాట నిలబడింది. నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ జబ్బార్ నోరు మూసుకునే రకమైతే ఈ కథ ఇక్కడికి వచ్చేదే కాదు. ఆమెని రోడ్డు అవతలికి తీసుకుపోయాడు.

“నీ బానెట్ ఏదో చూపించు తల్లీ.”

ఆమె వెతికింది. కాస్త ఎక్కువసేపే వెతికింది. “ఆ చివర... అదా? తెల్లగా ఉందేంది?”

“ఇదీ తిరనాళ్ళలో దొరకదు. ముక్కలో తప్పు లేదు, నా చేతిలో తప్పు లేదు. ఆళ్ళ దేశపు ఎండకి కలిపిన రంగిది. ఆడ ఇదే కళకళలాడతదేమో, ఈడ కాదు.” “ఈ ముక్క ప్రకారం కావాలంటే రేపటికల్లా కారంతా వేసిస్తా. తెలుపు కావాలన్నా వేస్తా, మాటిచ్చా. లేదా... నా నీలం ఒకటి కలుపుతా. దానికి కోడు లేదు, పుస్తకంలో ముక్క లేదు, ఇట్టా ఉంటదని చూపించడానికి ఏ దేశంలోనూ లేదు. నా కన్నే నమ్మాల.”

శనివారం మధ్యాహ్నం. ఎల్లుండి పదింటికి ఏడుగురు వస్తారు. ప్రసన్నలక్ష్మి చెమట తుడుచుకుంటూ ఆ తెల్ల వరస వంక చూసింది.

“ఉద్యోగం మానేస్తంటే ఇంట్లో అందరూ, ముందెవరన్నా ఇట్టా చేశారా అని అడిగారు బాబాయ్,” అంది. “నేనేం నమూనా చూపించా? వెయ్యి. నీదే వెయ్యి.”

ఇక ఆ మధ్యాహ్నం ఆ షెడ్డులో జరిగిన హడావిడి చూడాల్సిందే. దారి చెప్పింది షంషాదే. “దుపట్టా తడిలో ఒక రంగు, ఆరితే ఒక రంగు, ఎండలో ఇంకో రంగు. అందుకే నేను కావలసిన దానికన్నా ముదురుగా ముంచుతా. నువ్వూ ముదురుగా ముంచు,” అంది. జబ్బార్ తెలుపు సగానికి సగం తగ్గించాడు, నీలం పెంచాడు. షెడ్డు నీడలో చూస్తే మరీ దారుణంగా ఉంది, పెళ్ళి పందిట్లో కుర్చీ గుడ్డలా. అయినా పలక ఎండలో పట్టుకుని నిలబడ్డాడు. షంషాద్ రోడ్డు అవతల నిలబడింది. మధ్యలో గ్రానైట్ లారీలు పోతున్నాయి.

“చాలదు! ఇంకా!” అని ఆమె అరుపు.

లోపలికి పరుగు. ఇంకో పలక.

“మరీ నల్లబడింది! తగ్గించు!”

మళ్ళీ పరుగు. పక్క షాపులవాళ్ళు బయటికొచ్చి గుమికూడారు. ఒకాయన పెంచమంటాడు, ఇంకొకాయన తగ్గించమంటాడు. రంగుల సంగతి ఏమీ తెలియని టైర్ల షాపాయన ఎర్రదైతే బాగుంటుందని సలహా ఇచ్చాడు. జబ్బార్ ఎవరి మాటా వినలేదు. ఆయన చెవి అవతలి గట్టున ఉన్న ఒక్క గొంతు కోసమే.

ఏడో పలక పట్టుకున్నప్పుడు ఆ గొంతు వినపడలేదు. లారీ అడ్డొచ్చిందేమో అనుకున్నాడు. లారీ పోయింది. షంషాద్ అరవడం లేదు. రెండు చేతులూ చెంపలకి ఆనించుకుని ఊరికే చూస్తోంది. తర్వాత అటూ ఇటూ చూసుకోకుండా రోడ్డుకి అడ్డంపడి పరిగెత్తుకొచ్చింది, బస్సు డ్రైవరు తిడుతున్నా పట్టించుకోకుండా.

“ఇదేనయ్యా! కదిలించమాక! ఇదే!”

ఆదివారం పొద్దున్నే కారు అద్దాలకీ టైర్లకీ కాగితాలు అతికించి, రంగు చిమ్మే గన్ పట్టాడు జబ్బార్. మూడు పూతలు రంగు, పైన మెరుపు కోసం రెండు పూతలు రంగులేని క్లియర్. ఆ రోజు ఆయన భోజనం చేశాడో లేదో ఆయనకే గుర్తు లేదు.

సోమవారం పదింటికి ఏడుగురూ వచ్చారు. ఎవరూ ఫోన్ చేసి దారి అడగలేదు. బస్సు దిగి రోడ్డు వెంట చూసి నేరుగా నడిచి వచ్చేశారు. అందరికన్నా పెద్దావిడ, యాభై దాటిన ఒక టీచరమ్మ, ముందు తానే నడుపుతానని స్టీరింగ్ దగ్గర కూర్చుంది. పక్కన ప్రసన్నలక్ష్మి. కారు రెండుసార్లు కుదుపుతో ఆగిపోయి, మూడోసారి కదిలింది. కదిలి, మొదటి గేరులో, మనిషి నడకకన్నా నెమ్మదిగా రోడ్డెక్కింది.

వెనక నుంచి హారన్లు మొదలయ్యాయి. తెల్ల కార్లు ఒకటొకటిగా దాన్ని దాటుకుని పోతున్నాయి. జబ్బార్ రోడ్డు అంచున నిలబడి చూస్తున్నాడు. కారు టైర్ల షాపు దాటింది, కనపడుతోంది. పెట్రోలు బంకు దాటింది, ఇంకా కనపడుతోంది. ఆ టీచరమ్మకి గేరు మార్చడం రాకపోవడం ఎంత మంచిదైంది! ఇంకాస్త నెమ్మదిగా పోనిస్తే బాగుండునని ఆయనకి ఆశగా ఉంది. చాలా దూరం పోయింది కారు. ఇంకా ఉంది. ఆ తెల్ల వరస మధ్యలో చిన్న చుక్కగా, నీలంగా ఉంది.

పక్కనెవరో మాచర్ల బస్సు కోసం ఎదురుచూస్తున్న ముక్కూ ముఖం తెలియని మనిషి ఉన్నాడు. జబ్బార్ ఆయన భుజం పట్టుకుని అటు తిప్పాడు. వేలు చాచి చూపించాడు.

“ఆ నీలం కారు కనపడతందా అన్నా? అది నేను వేసిన రంగు.”

ఆ మనిషి ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

“అబ్బో, కనపడకపోవడమేంది!” అన్నాడు.